ఇంట్లో భక్తి పాటలు రికార్డ్ చేయాలంటే: మైక్, ఆడియో ఇంటర్‌ఫేస్ ఎలా ఎంచుకోవాలి?



మన ఛానెల్‌లో పెట్టిన మంగళహారతుల వీడియోలో వినిపించే గొంతు మా అమ్మమ్మది. అది విన్నవాళ్ళలో చాలామంది నన్ను అడిగింది ఒకటే: "ఏ మైక్ వాడారు?" పేరు చెప్పడానికి ఒక్క లైన్ చాలు. కానీ పేరొక్కటే చెప్తే మొదటిసారి నేను చేసిన తప్పే మీరూ చేస్తారు. అందుకే ఈ పోస్ట్ కొంచెం పెద్దది. తీరిగ్గా చదవండి.

అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. నోముల్లో, పెళ్ళిళ్ళలో, శ్రావణ శుక్రవారం పేరంటాల్లో ఆవిడ హారతి పాట పాడాకే ఎవరైనా లేచేవాళ్ళు. ఆ పాటలన్నీ ఒక పాత నోటు పుస్తకంలో రాసి ఉన్నాయి. కానీ పుస్తకంలో ఉన్నవి మాటలే. వరుసలు ఆవిడ గొంతులోనే ఉన్నాయి. వాళ్ళ అత్తగారి దగ్గర విని నేర్చుకున్నవి.

రెండేళ్ళ కిందట దసరా సెలవులకి వెళ్తూ, ఈసారి అన్నీ రికార్డ్ చేసేయాలి అనుకున్నాను. మూడు వారాలు రివ్యూలు చూశాను. స్టూడియోలో గాయకుల ముందు కనిపించే రకం పెద్ద కండెన్సర్ మైక్ ఒకటి, మంచి ఇంటర్‌ఫేస్ ఒకటి కొన్నాను. హాల్ మధ్యలో స్టాండ్ పెట్టాను. అమ్మమ్మ మంచం మీద కూర్చుంది. మైక్‌కీ ఆవిడకీ మధ్య దాదాపు ఒక బార దూరం. తాళాలు వేసే పిన్ని మైక్ పక్కనే కూర్చుంది. ఉక్కగా ఉందని ఫ్యాన్ వేశాం. అమ్మమ్మ గొంతు మెల్లగా వస్తోందని గెయిన్ నాబ్ దాదాపు చివరిదాకా తిప్పాను. పదకొండు పాటలు పాడింది.

హైదరాబాద్ వచ్చి హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. ఫ్యాన్ చప్పుడు అమ్మమ్మ కంటే ముందు వినిపిస్తోంది. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. పిన్ని తాళం వేసిన ప్రతిసారీ సౌండ్ పగిలిపోయింది. కోడ్‌లో బగ్ వస్తే సరిచేసి మళ్ళీ డిప్లాయ్ చేస్తాం. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ఎందుకు లేదో చివర్లో చెప్తాను. ముందు పాఠం.

1. డబ్బు కంటే ముందు దూరం

మనం మైక్ కొనేటప్పుడు బ్రాండ్ చూస్తాం, ధర చూస్తాం. రికార్డింగ్ బాగుండటానికి వీటన్నిటికంటే ఎక్కువ పని చేసేది నోటికీ మైక్‌కీ మధ్య దూరం. దానికి పైసా ఖర్చు లేదు.

లెక్క సులభం. దూరం రెట్టింపైతే నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మన పాత కొలతల్లో చెప్తాను, గుర్తుండిపోతుంది. జాన అంటే సుమారు 9 అంగుళాలు. రెండు జానలు ఒక మూర. నాలుగు మూరలు ఒక బార. జానెడు దూరం నుంచి మూరెడు దూరానికి వెళ్తే 6 డెసిబెల్స్ పోతాయి. బారెడు దూరానికి వెళ్తే మొత్తం 18 పోతాయి.

ఆ 18ని గెయిన్ పెంచి తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. నేనూ అదే చేశాను. కానీ గెయిన్ గొంతుని ఒక్కదాన్నే పెంచదు. ఫ్యాన్, ఫ్రిజ్, వీధిలో ఆటో, గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దం, అన్నిటినీ అంతే పెంచుతుంది. మీరు మైక్‌కి దూరమైనకొద్దీ మీ గొంతు తగ్గుతుంది, గది చప్పుడు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. బావిలోంచి వచ్చినట్టు వినిపించడానికి కారణం ఇదే.

పాటకి జానెడు దూరం, స్తోత్రం చదవడానికి అంతకంటే కొంచెం దగ్గర. ఇది మొదటి సూత్రం. ఒక్క జాగ్రత్త: బెత్తెడు కంటే దగ్గరికి వెళ్తే, ఇళ్ళలో మనం వాడే చాలా మైకులు గొంతులో బరువుని ఎక్కువ చేసి చూపిస్తాయి. రేడియోలో కొన్ని గొంతులు గంభీరంగా వినిపించడానికి ఇదీ ఒక కారణం. కానీ హారతి పాటకి ఆ బరువు నప్పదు, మాటలు మసకబారతాయి.

2. తర్వాత గది

మన ఫ్లాట్లలో నేల టైల్స్, గోడలు నున్నగా, కిటికీలకి అద్దాలు. ఖాళీ గదిలో ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పట్ల వెనక "టర్ర్" మని ఒక చిన్న తోక వినిపిస్తే, ఆ తోక మీ పాటలో ప్రతి అక్షరం వెనకా ఉంటుంది. అది రికార్డ్ అయ్యాక తీసేయడం దాదాపు అసాధ్యం.

ఆన్‌లైన్‌లో దొరికే పల్చటి ఫోమ్ ముక్కలు గోడకి అంటిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అవి పైస్థాయి శబ్దాలని మాత్రమే పీలుస్తాయి. మగ గొంతులోని కింది స్వరాలకి అవి అడ్డు కాదు. వాటి బదులు ఇంట్లో ఉన్నవే వాడండి. పరుపు నిలబెట్టండి. బొంతలు, దుప్పట్లు రెండు మూడు మడతలు వేసి పాడేవాళ్ళ వెనకా పక్కలా వేలాడదీయండి. చీరలతో నిండిన బీరువా తలుపులు తెరిచి పెడితే అదే మంచి ట్రీట్‌మెంట్. దళసరిగా, మెత్తగా ఉన్నది ఏదైనా పని చేస్తుంది. ఎక్కువమంది పాడేవాళ్ళ వెనక ఏమీ పెట్టరు. కానీ మైక్ చూసేది ఆ వైపే. ముందు అక్కడ పెట్టండి.

ఇక టైమ్. ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి, ఫ్రిజ్ పక్క గదిలో ఉంటే కాసేపు ఆపాలి (మళ్ళీ వేయడం మర్చిపోకండి, మా ఇంట్లో ఒకసారి పాలు విరిగాయి). అన్నిటికంటే తేలికైన ఉపాయం పెద్దలు ఎప్పుడో చెప్పారు: బ్రాహ్మీ ముహూర్తం. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు మధ్య సిటీలో కూడా ట్రాఫిక్ ఉండదు, కుక్కర్ విజిల్స్ ఉండవు, ఫ్యాన్ లేకపోయినా భరించగలం. నేను ఇప్పుడు చేసే రికార్డింగులన్నీ ఆ టైమ్‌లోనే.

3. డైనమిక్ మైకా, కండెన్సర్ మైకా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

డైనమిక్ మైక్‌లో ఒక పల్చటి పొర, దానికి అంటుకున్న తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం ఉంటాయి. మన గొంతుకి పొర కదిలితే తీగచుట్ట కదిలి కొద్దిపాటి కరెంటు పుడుతుంది. బయటి నుంచి పవర్ అక్కర్లేదు. గుళ్ళో, కచేరీల్లో చేత్తో పట్టుకునే మైకులు ఎక్కువగా ఇవే. షూర్ కంపెనీ ఎస్‌ఎం58 మైక్ 1966 నుంచీ వస్తోంది, ఇప్పటికీ వేదికల మీద కనిపిస్తూనే ఉంటుంది.

కండెన్సర్ మైక్‌లో పొర, దాని వెనక ఒక పలక కలిసి కెపాసిటర్‌లా పని చేస్తాయి. లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది కాబట్టి పవర్ కావాలి. ఇంటర్‌ఫేస్ మీద "48 వోల్టులు" అని కనిపించే ఫాంటమ్ పవర్ బటన్ దీనికోసమే. కండెన్సర్ సన్నటి వివరాలని బాగా పట్టుకుంటుంది. గమకాల్లోని నగిషీ, వీణ తంతి మీద గోరు మీటిన చప్పుడు కూడా వినిపిస్తాయి.

ఇచ్చే సిగ్నల్‌లో కూడా తేడా ఉంది. ఒకే స్థాయి శబ్దానికి ఎస్‌ఎం58 సుమారు 1.85 మిల్లీవోల్టులు ఇస్తే, ఆడియో-టెక్నికా ఏటీ2020 అనే కండెన్సర్ సుమారు 14 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే ఏడున్నర రెట్లు.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. "కండెన్సర్ గది చప్పుడు ఎక్కువ లాగుతుంది, డైనమిక్ లాగదు" అని అందరూ అంటారు. ఒకే దూరంలో, ఒకే దిశా లక్షణం ఉన్న రెండు మైకులు పెట్టి లెవెల్ సమానం చేస్తే గది రెండింట్లోనూ ఇంచుమించు సమానంగానే వినిపిస్తుంది. మరి తేడా ఎక్కడ? డైనమిక్ మైక్‌ని మనం నోటికి దగ్గరగా పెట్టుకుంటాం. దూరం పెడితే పని చేయదని మనకే తెలుసు. కండెన్సర్ దూరం నుంచి కూడా వింటుంది కదా అని దూరం పెడతాం. తప్పు మైక్‌ది కాదు, మనకి దొరికిన అలుసుది. నా దసరా రికార్డింగ్‌లో జరిగింది సరిగ్గా ఇదే.

అందుకే నా సలహా ఇది. మామూలు ఇల్లు, ఒక గొంతు, చుట్టూ చప్పుళ్ళు ఉంటే డైనమిక్ తీసుకోండి. దగ్గర పెట్టుకుని పాడండి. గది కాస్త సద్దుమణిగి, బొంతలూ పరుపులూ పెట్టుకునే ఓపిక ఉండి, వీణ, వయొలిన్, ఫ్లూట్ లాంటివి కూడా రికార్డ్ చేయాలనుకుంటే కండెన్సర్ తీసుకోండి.

కండెన్సర్ కొనేవాళ్ళు స్పెసిఫికేషన్ పేజీలో "సెల్ఫ్ నాయిస్" అనే అంకె చూడండి. మైక్ తనంతట తాను చేసే "స్స్" మనే శబ్దం అది. తక్కువ ఉంటే మంచిది. ఏటీ2020కి అది 20 డెసిబెల్స్, అదే కంపెనీ ఏటీ2035కి 12, రోడ్ ఎన్‌టీ1 అయిదో తరం మోడల్‌కి 4. గట్టిగా పాడేవాళ్ళకి ఈ తేడా తెలియదు. మెల్లగా స్తోత్రం చదివేవాళ్ళకి, తంబుర ఒక్కటే రికార్డ్ చేసేవాళ్ళకి తెలుస్తుంది.

దిశ కూడా చూడాలి. కార్డియాయిడ్ అని రాసి ఉన్న మైక్ ముందు నుంచి బాగా వింటుంది, సరిగ్గా వెనక నుంచి చాలా తక్కువ వింటుంది. మొదటి రికార్డింగ్‌కి వచ్చే చప్పుడు ఎటు నుంచో చూసుకుని, మైక్ వీపు అటు తిప్పండి. కిటికీ అటు, తాళాలు వేసేవాళ్ళు అటు.

మన భాషకి ప్రత్యేకంగా రెండు విషయాలు. స్తోత్రాల్లో ఒత్తు అక్షరాలు ఎక్కువ. భ, ఫ, ధ, ఘ పలికినప్పుడు నోట్లోంచి గాలి తోసుకొచ్చి మైక్‌లో "ధబ్" మంటుంది. పాప్ ఫిల్టర్ తప్పకుండా పెట్టండి, లేదా మైక్‌ని నోటికి నేరుగా కాకుండా కొంచెం పక్కకి పెట్టి పెదవుల వైపు తిప్పండి. రెండోది శ, ష, స. కొన్ని మైకులు పైస్థాయి శబ్దాలని ఎత్తి చూపిస్తాయి. అలాంటి మైక్‌లో ఈ మూడూ చెవికి గుచ్చుకుంటాయి. కొనే ముందు ఇంగ్లిష్ రివ్యూ వినడం కాదు, వీలైతే షాపులో మీరే ఒక శ్లోకం చదివి వినండి.

కోస్తా వైపు ఉన్నవాళ్ళకి ఇంకో మాట. కండెన్సర్‌కి తేమ పడదు. వాడాక డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి మూత పెట్టండి. డైనమిక్‌కి ఈ బాధ చాలా తక్కువ.

4. యూఎస్‌బీ మైక్ చాలదా?

చాలామందికి చాలు. సిగ్గుపడాల్సిన పని లేదు. యూఎస్‌బీ మైక్‌లో మైక్, ఇంటర్‌ఫేస్ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. ఒక్కరే పాడి, ఒక్క మైక్‌తో పని అయిపోయేవాళ్ళకి అది హాయి.

ఇబ్బంది ఎప్పుడంటే, రేపు తాళాలకో, పక్కన పాడే చెల్లికో రెండో మైక్ కావాల్సినప్పుడు. ఒకే కంప్యూటర్‌కి రెండు యూఎస్‌బీ మైకులు పెట్టి ఒకేసారి రికార్డ్ చేయడం తలనొప్పి. రెండింటి గడియారాలు వేరు కాబట్టి పాట పెద్దదైతే తాళం మెల్లగా తప్పుతుంది.

మధ్యేమార్గం ఉంది. శాంసన్ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ లాంటి డైనమిక్ మైకులకి యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉంటాయి. ఇవాళ యూఎస్‌బీ కేబుల్‌తో మొదలుపెట్టి, ఏడాది తర్వాత ఇంటర్‌ఫేస్ కొన్నప్పుడు అదే మైక్‌ని ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో పెట్టుకోవచ్చు. కాలేజీలో ఉన్నవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే.

5. ఇంటర్‌ఫేస్‌లో ఏం చూడాలి?

ఇంటర్‌ఫేస్ చేసే పనులు మూడు. మైక్ నుంచి వచ్చే మిల్లీవోల్టుల సిగ్నల్‌ని పెంచుతుంది. దాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి ఇస్తుంది. కంప్యూటర్ నుంచి వచ్చేదాన్ని తిరిగి మన హెడ్‌ఫోన్స్‌కి పంపుతుంది.

ముందు చూడాల్సింది గెయిన్ ఎంత ఇవ్వగలదో. మెల్లగా పాడే గొంతుకి డైనమిక్ మైక్ పెడితే 55 నుంచి 60 డెసిబెల్స్ దాకా కావాల్సి వస్తుంది. షూర్ ఎస్‌ఎం7బీ లాంటి మైక్‌కి కంపెనీయే కనీసం 60 కావాలంటుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ నాలుగో తరంలో సోలో 57 ఇస్తుంది, 2ఐ2 69 ఇస్తుంది. మోటు ఎం2 60 ఇస్తుంది. కండెన్సర్ వాడితే వీటిలో ఏదైనా ధారాళంగా సరిపోతుంది. ఎవరో పాడ్‌కాస్ట్‌లో చూసి ఎస్‌ఎం7బీ కొని, తక్కువ గెయిన్ ఉన్న ఇంటర్‌ఫేస్‌కి పెట్టి, "వాల్యూమ్ రావట్లేదు" అని బాధపడేవాళ్ళ కథ ఇదే. మైక్, ఇంటర్‌ఫేస్ విడివిడిగా మంచివైతే చాలదు, జోడీ కుదరాలి.

ఆ పెంచేటప్పుడు ఎంత చప్పుడు కలుపుతుందో "ఈఐఎన్" అనే అంకె చెప్తుంది. ఇప్పుడొచ్చే మధ్యతరగతి ఇంటర్‌ఫేస్‌లలో చాలావాటికి ఇది మైనస్ 128 దగ్గర ఉంటుంది. మామూలుగా కొలిచే పద్ధతిలో, గది ఉష్ణోగ్రతలో భౌతికశాస్త్రం ఒప్పుకునే హద్దే దాదాపు మైనస్ 131. అంటే మీరు ఇంకెంత డబ్బు పోసినా ఈ విషయంలో మిగిలింది మూడు డెసిబెల్సే. అందుకే ఖరీదైన ఇంటర్‌ఫేస్ మీద పెట్టే డబ్బు మైక్ మీద, స్టాండ్ మీద, మంచి హెడ్‌ఫోన్స్ మీద పెట్టమంటాను.

ఇన్‌పుట్లు రెండు ఉన్నది తీసుకోండి. మన పాటల్లో గొంతుతో పాటు తాళమో, హార్మోనియమో, శ్రుతిపెట్టో ఎప్పుడూ ఉంటుంది. కొన్ని చిన్న మోడల్స్‌లో రెండు ఇన్‌పుట్లు కనిపిస్తాయి కానీ మైక్ ప్రీయాంప్ ఒక్కటే, రెండోది గిటార్ లాంటివాటికి. పెట్టె మీది బొమ్మ చూసి కొనకండి, ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలు లెక్కపెట్టండి.

డైరెక్ట్ మానిటర్ బటన్ ఉండాలి. మన గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళి తిరిగి చెవిలోకి రావడానికి టైమ్ పడుతుంది. సెకనుకి 48,000 శాంపిళ్ళ రేటులో బఫర్ 128 పెడితే 2.7 మిల్లీసెకన్లు, 1024 పెడితే 21. రానూపోనూ కలిపితే ఇంకా ఎక్కువ. పాడుతూ మన గొంతే ఆలస్యంగా వింటే తాళం తప్పడం ఖాయం. డైరెక్ట్ మానిటర్ నొక్కితే గొంతు కంప్యూటర్ దాకా వెళ్ళకుండానే హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది. విండోస్ వాడేవాళ్ళు ఆ కంపెనీ సొంత ఏఎస్‌ఐఓ డ్రైవర్ ఇస్తుందో లేదో కూడా చూసుకోండి. మ్యాక్‌లో ఆ పని సిస్టమే చూసుకుంటుంది.

సెట్టింగ్స్ విషయంలో ఎక్కువ ఆలోచించకండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. వీడియోకి అదే వాడతారు. 192 కిలోహెర్ట్జ్ ఉందని ఎక్కువ ధర పెట్టక్కర్లేదు. 24 బిట్ మనకిచ్చే అసలు లాభం, లెవెల్ భయం లేకుండా తక్కువగా పెట్టుకోవచ్చు. ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్ అనుకుంటే కాగితం మీద 144 డెసిబెల్స్ చోటు. కాబట్టి పాటలో అన్నిటికంటే గట్టి చోట మీటర్ మైనస్ 12 దగ్గర ఆగేలా గెయిన్ పెట్టండి. సున్నా దాటితే శబ్ద తరంగం పైభాగం తెగిపోతుంది, దాన్నే క్లిప్ అంటారు. తెగిన ముక్కని ఏ సాఫ్ట్‌వేర్ కూడా ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు, ఊహించి అతుకు మాత్రమే వేస్తుంది. పిన్ని తాళాల దగ్గర నాకు జరిగింది ఇదే.

6. శ్రుతిని పాడుచేసే 50 హెర్ట్జ్

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది, అందుకే విడిగా చెప్తున్నాను.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగ్గా లేని పాత ఇళ్ళలో ఆ "హమ్" ఆడియోలోకి వస్తుంది. అది 50 దగ్గరే ఆగదు, 100, 150, 200 దగ్గర కూడా వస్తుంది. మా పిన్ని పాడేది అయిదో శ్రుతిలో. అంటే ఆవిడ షడ్జం 196 హెర్ట్జ్ దగ్గర. పక్కనే 200 దగ్గర హమ్ ఉంటే రెండూ కలిసి సెకనుకి నాలుగుసార్లు ఊగుతాయి. తంబుర శ్రుతి సరిగ్గానే ఉంది, పిన్ని సరిగ్గానే పాడింది, అయినా వింటుంటే ఎక్కడో అపశ్రుతి. అరగంట తంబుర యాప్‌ని తిట్టుకున్నాను. చివరికి ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేయగానే పోయింది.

కాబట్టి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీదే నడపండి. మైక్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులే వాడండి. అందులో ఒకే సిగ్నల్ రెండు తీగల్లో ఒకటికొకటి తిరగేసి వెళ్తుంది, దారిలో కలిసిన చప్పుడు అవతల చివర కొట్టేసుకుపోతుంది. కేబుల్‌ని ఛార్జర్లకి, ఇన్వర్టర్‌కి దూరంగా పరవండి.

7. మరి ఏం కొనాలి?

ఒక్కరే పాడేవాళ్ళు, మొదటిసారి: యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉన్న డైనమిక్ మైక్, చిన్న స్టాండ్, పాప్ ఫిల్టర్. ఎడిటింగ్‌కి ఆడాసిటీ ఉచితం.

గొంతుతో పాటు వాద్యమో తాళమో ఉన్నవాళ్ళు: రెండు మైక్ ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్, గొంతుకి ఒక డైనమిక్. రెండో మైక్ అవసరం పడ్డాక కొనండి.

నిశ్శబ్దమైన గది ఉన్నవాళ్ళు, వీణ, వయొలిన్ రికార్డ్ చేసేవాళ్ళు: అదే ఇంటర్‌ఫేస్, తక్కువ సెల్ఫ్ నాయిస్ ఉన్న కండెన్సర్.

ఊరికి వెళ్ళి పెద్దవాళ్ళ పాటలు పట్టుకోవాలనుకునేవాళ్ళు: ల్యాప్‌టాప్ కూడా వద్దు. జూమ్ హెచ్1ఎసెన్షియల్ లాంటి చిన్న రికార్డర్‌లో 32 బిట్ ఫ్లోట్ ఉంటుంది, గెయిన్ నాబ్‌తో పనే లేదు. ఫైల్‌లో లెవెల్ మించినా తర్వాత తగ్గించుకోవచ్చు.

8. రెండోసారి

దసరా రికార్డింగ్ పాడైందని చెప్తే అమ్మమ్మ నవ్వింది. "దానిదేముందిరా, సంక్రాంతికి వస్తావుగా, మళ్ళీ పాడతాలే" అంది.

కార్తీకంలో ఆవిడకి జ్వరం వచ్చింది. పది రోజులు ఆసుపత్రిలో ఉంది. సంక్రాంతికి నేను వెళ్ళేసరికి లేచి తిరుగుతోంది కానీ గొంతు సన్నబడింది. ఈసారి నేను తీసుకెళ్ళింది ఎస్‌ఎం58, అదే పాత ఇంటర్‌ఫేస్. హాల్లో కాదు, బీరువా ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టాను. వెనక బొంతలు కట్టాను. మైక్ జానెడు దూరంలో. పిన్ని తాళాలతో మైక్ వెనక వైపు, గది అవతలి మూల. ఫ్యాన్ లేదు. హెడ్‌ఫోన్స్ ఇవ్వబోతే, "చెవుల్లో అవెందుకురా చిన్నా, నా శ్రుతి నాకు తెలీదా" అంది. సరేనని ఫోన్‌లో తంబుర యాప్‌ని మైక్ వెనక మెల్లగా పెట్టాను.

తొమ్మిది పాటలు పాడింది. మీరు విన్నవి అవే.

మిగిలిన రెండు నోటు పుస్తకంలో ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. రెండుసార్లు ఎత్తుకుని ఆగిపోయింది. "మాటలు కనిపిస్తున్నాయి నాన్నా, వరుస అందట్లేదు" అంది. నేను మైక్ ఆపేశాను.

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో దసరా ఫైల్స్ వెతికాను. మంచి టేక్ వస్తుందిగా అని వాటిని డిలీట్ చేసేద్దామనుకున్న రోజు ఒకటుంది. బద్ధకం కొద్దీ చేయలేదు. ఫ్యాన్ చప్పుడు, బావి గొంతు, పగిలిన తాళం, అన్నీ ఉన్నాయి. వాటి వెనక ఆ రెండు వరుసలూ ఉన్నాయి, మొదటి నుంచి చివరిదాకా. పొద్దున్న పిన్నికి వినిపించాను. ఆవిడ వంటింట్లో పని చేసుకుంటూ ఆ రెండూ పదిసార్లు పెట్టించుకుంది. ఉగాది రోజు పూజ అయ్యాక హారతికి అందులో ఒకటి పాడింది. అమ్మమ్మ పక్కనే కూర్చుని తాళం వేసింది. ఒకచోట పిన్ని తప్పు పాడితే "అక్కడ కిందకి దించాలే" అని సరిచేసింది కూడా.

కాబట్టి మైక్ గురించి ఇంత రాసిన నేను చివరగా చెప్పేది ఇది. పైవన్నీ చదివి, బడ్జెట్ వేసుకుని, వచ్చే నెల కొనండి. కానీ మీ ఇంట్లో పాట తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ నెల ఆగకండి. ఈ ఆదివారమే ఫ్యాన్ ఆపి, ఫోన్‌ని జానెడు దూరంలో పెట్టి, పాడమని అడగండి. ఆ ఫైల్ ఎంత బాగా లేకపోయినా రెండు చోట్ల దాచండి. మంచి మైక్‌తో మళ్ళీ పాడించుకోవడం తర్వాత సంగతి.

ఆ రెండో పాట పిన్నికి ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. శ్రావణ మాసానికి వస్తుందంటోంది. వచ్చాక దాన్ని కూడా రికార్డ్ చేసి ఛానెల్‌లో పెడతాను.

శుభం.